చిత్త కార్తె లోపు: మొక్కలు అమ్మి వీధికుక్కలకు ఆపరేషన్లు చేయించడం ఎలా

మాది రాజమహేంద్రవరంలో ఒక పాత కాలనీ. 110 ఇళ్ళు, ఒక రామాలయం, దాని వెనక కాస్త ఖాళీ జాగా. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాలుగేళ్ళుగా మేము కొంతమందిమి కలిసి మన నేల మొక్కలు పెంచి అమ్ముతున్నాం. ఆ డబ్బుతో కాలనీలో తిరిగే ఆడకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, టీకాలు చేయిస్తున్నాం. అప్పటికీ పుట్టిన పిల్లలకు ఇళ్ళు వెతుకుతున్నాం. మీ వీధిలో కూడా ఇలాంటిది చేద్దామని ఉంటే, మేము దెబ్బతిని నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఈ పనిలో డబ్బు కంటే తేదీ ముఖ్యం. "చిత్తకార్తె కుక్క" అని మనవాళ్ళు తిట్టుగా వాడతారు గానీ, అందులో పెద్దలు చూసి చెప్పిన నిజం ఉంది. చిత్త కార్తె అక్టోబరు 10 ప్రాంతంలో మొదలవుతుంది. మన వీధుల్లో ఎక్కువ ఆడకుక్కలు ఎదకొచ్చేది ఆ రోజుల్లోనే. కుక్క మోసేది సుమారు 63 రోజులు. వేళ్ళమీద లెక్కపెట్టుకోండి, సరిగ్గా ధనుర్మాసంలో, మంచు కురిసే రోజుల్లో పిల్లలు పుడతాయి. తెల్లవారి ముగ్గు వేయడానికి బయటకొస్తే కారు కింద కుయ్ కుయ్‌మంటూ ఉంటాయి.

మొదటి ఏడాది మాకు ఈ లెక్క తెలియలేదు. కార్తీక మాసం వనభోజనాల్లో చందాలు అడిగాం, జనం బాగానే ఇచ్చారు. నవంబరు చివర్లో డబ్బు పట్టుకుని వెళ్తే, తెచ్చిన అయిదింటిలో నాలుగు కడుపుతో ఉన్నాయని డాక్టరుగారు వెనక్కి పంపేశారు. జనవరికి కాలనీలో 26 పిల్లలు. శివరాత్రి నాటికి మిగిలినవి తొమ్మిది. బళ్ళ కింద పడి కొన్ని, పార్వో అనే వాంతులు, విరేచనాల రోగం వచ్చి కొన్ని పోయాయి. చేతిలో డబ్బు ఉండి కూడా ఏమీ చేయలేకపోయాం. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అందుకే ఇప్పుడు వెనక నుంచి లెక్కేస్తాం. చిత్త లోపు ఆపరేషన్లు అయిపోవాలంటే సెప్టెంబరుకల్లా డబ్బు చేతిలో ఉండాలి. దానికి ఆషాఢం, శ్రావణం, భాద్రపదం మూడు నెలల్లో మొక్కలు అమ్ముడుపోవాలి. అలా అమ్ముడుపోవాలంటే శివరాత్రి వెళ్ళీ వెళ్ళగానే కొమ్మలు నాటుకోవాలి.

మొక్కలే ఎందుకు

చందా పుస్తకం చూస్తే జనం విసిగిపోతారు. వినాయక చవితికి ఇవ్వాలి, దసరాకి ఇవ్వాలి, గుడి రంగులకి ఇవ్వాలి. "కుక్కలకి కూడానా అండీ?" అంటారు. అదే 40 రూపాయలు తీసుకుని చేతిలో గోరింట మొక్క పెడితే ఎవరూ కాదనరు. కుక్కలంటే గిట్టనివాళ్ళు కూడా కొంటారు. పైగా మొక్క ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ డబ్బు ఎందుకు ఇచ్చారో గుర్తుంటుంది.

మాకు కడియం దగ్గరే. కడియపులంక నర్సరీల గురించి మీకు చెప్పక్కర్లేదు, దేశమంతటికీ అక్కడి నుంచి లారీల్లో మొక్కలు వెళ్తాయి. అలాంటి చోట మేము రంగురంగుల ఆకుల మొక్కలు పెట్టి అమ్మితే ఎవరు కొంటారు? అందుకని మా అమ్మ, అమ్మమ్మ పెరట్లో ఉండి ఇప్పుడు కనపడకుండా పోతున్న పొదల్నే ఎంచుకున్నాం. వీటికి రెండేళ్ళు దాటితే నీళ్ళ బెంగ పెద్దగా ఉండదు. మందులు కొట్టే పని లేదు. తంగేడు పూస్తే లేత పసుపు సీతాకోకచిలుకలు ఆకుల మీద గుడ్లు పెట్టడానికి వస్తాయి. కరివేపాకు మీద నల్ల సీతాకోకచిలుకల గొంగళిపురుగులు కనపడితే చంపకండి. నాలుగు ఆకులు వాటివి అనుకోండి.

మేము పెంచేవి ఇవి.

గోరింట అన్నిటికంటే సులువు. ఫిబ్రవరి, మార్చిలో పెన్సిలంత లావు కొమ్మని జానెడు ముక్కలు చేసి, కింది ఆకులు తుంచేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి నీడలో పెట్టాలి. మట్టి ఆరకూడదు, అలాగని బురద కాకూడదు. ఆషాఢానికి మూరెడు మొక్క అవుతుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని ఆడపిల్ల మన ఊళ్ళలో ఉండదు కాబట్టి, ఆ నెల మొదటి ఆదివారం నాడే అన్నీ అయిపోతాయి.

వావిలి కూడా కొమ్మ గుచ్చితే వచ్చేస్తుంది. కాలవగట్ల మీద దొరుకుతుంది, అడిగి తెచ్చుకోండి. బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయడం పెద్దవాళ్ళకి తెలుసు. వినాయకుడి 21 పత్రిలో సింధువార పత్రం అంటే ఇదే అని చెప్పాక పూజారిగారే పది మొక్కలు తీసుకెళ్ళి గుడి చుట్టూ వేయించారు. దీన్ని, మేము పెంచే ఇంకో పొద అడ్డసరాన్ని పశువులు ముట్టవు. కంచె లేని వీధి పక్కన వేయడానికి ఈ రెండింటికి మించినవి లేవు.

నందివర్ధనం కొమ్మ కోసినప్పుడు పాలు కారతాయి. కాసేపు ఆరనిచ్చి నాటితే కుళ్ళదు. పూజకి పూలు కావాలనేవాళ్ళంతా ఇదే అడుగుతారు.

తంగేడు గింజ గట్టిది. బాగా కాగిన నీళ్ళు దించి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఉబ్బుతాయి. ఉబ్బినవి మాత్రమే సంచుల్లో పెట్టాలి, ఒక్కో సంచికి రెండు. తంగేడుకి వేరు తిన్నగా లోతుకి దిగుతుంది. అందుకని మడిలో నారు పోసి పీకి నాటితే బతకదు, నేరుగా సంచిలోనే వేయండి. మా కాలనీలో వరంగల్ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం ఒకటుంది. తంగేడు చూసి ఆ ఇల్లాలు "బతుకమ్మకి ఇక్కడ ఈ పువ్వు దొరకదనుకున్నాను టీచరుగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం అది. మరుసటేడు గింజలు కోయడానికి ఆవిడే వచ్చింది.

కరివేపాకు, వాక్కాయ రెండూ నిదానం. రెండింటికీ గింజ పండు నుంచి తీసిన వెంటనే వేయాలి, దాస్తే మొలకశక్తి పోతుంది. వానాకాలంలో వేస్తే వచ్చే ఏడాదికి అమ్మకానికి వస్తాయి. వాక్కాయ ముళ్ళ పొద కాబట్టి దడికి బాగుంటుంది. వాక్కాయ పప్పు తిన్నవాళ్ళు ధర అడగరు, 60 కి అమ్ముతాం.

మట్టి కలపడం: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. బస్తాకి రెండు గుప్పెళ్ళ వేపపిండి. ఆముదం పిండి మాత్రం కలపవద్దు. చవగ్గా దొరుకుతుంది, మొక్కకి మంచిదే, కానీ దాని వాసనకి కుక్కలు వచ్చి తింటాయి. అందులో ఉండే విషానికి ప్రాణం పోవచ్చు. కుక్కల కోసం మొక్కలు పెంచుతూ ఆ మొక్క కుండీతోనే కుక్కని చంపుకోవడం కంటే ఘోరం ఉండదు. సంచులకి అరలీటరు పాల ప్యాకెట్లు కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి వాడతాం. ఇంటికి వారానికి ఏడు వచ్చినా కాలనీ మొత్తం మీద ఎన్నొస్తాయో చూసుకోండి. కొనాల్సిన పని పడలేదు. నాటేటప్పుడు ప్యాకెట్ చింపి తీసి మాకే తిరిగి ఇవ్వమని చెబుతాం.

కుక్కలున్న ఇంటికి ఇవ్వకూడని మొక్కలు కొన్ని ఉన్నాయి. గన్నేరు ఆకు ఎండినా విషమే. పచ్చగన్నేరు గింజ, ఉమ్మెత్త, ఆముదం గింజ కూడా అంతే. నర్సరీల్లో అందరూ ముచ్చటపడి కొనే సైకస్ మొక్క గింజ తింటే కుక్క కాలేయం పాడైపోతుంది. కుక్కపిల్లని తీసుకెళ్ళేవాళ్ళ పెరట్లో ఇవి ఉన్నాయేమో మేము చూసి చెబుతాం.

అమ్మకం రోజులు

ఏడాదికి మూడే అమ్మకాలు పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం పెడితే జనానికి అలవాటైపోయి ఎవరూ ఆగరు. ఆషాఢంలో గోరింట. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు ఆదివారం, వాయనంలో పెట్టి ఇవ్వడానికి నందివర్ధనం, కరివేపాకు. జాకెట్టు ముక్కకి బదులు మొక్క ఇవ్వడం మా కాలనీలో ఇప్పుడు మామూలైపోయింది. ఒక్కో ఇల్లాలు తొమ్మిదేసి మొక్కలు చెప్పి ఉంచుకుంటుంది. మూడోది వినాయక చవితికి ముందు, వావిలి, జిల్లేడు, తులసి, ఉత్తరేణి లాంటి పత్రి మొక్కలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమని ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పి మరీ ఇవ్వండి.

పొద్దున్న ఆరున్నరకి గుడి మెట్ల దగ్గర బల్ల వేస్తే తొమ్మిదికి అయిపోవాలి. తర్వాత ఎండకి మొక్క వాడుతుంది, మనిషి ఆగడు. ప్రతి మొక్కకీ ఒక చీటీ కడతాం: మొక్క పేరు, ఎండా నీడా, గొయ్యి అడుగున్నర లోతు, మొదటి నెల రోజూ నీళ్ళు. చీటీ వెనక ఒక కుక్క పేరు రాస్తాం. లచ్చి, బూడిద, గంగాలమ్మ. ఇది పిల్లల ఆలోచన. "మా మొక్క లచ్చిది" అని పిల్లలు చెప్పుకోవడం, లచ్చికి ఆపరేషన్ అయ్యాక చూడటానికి పరుగెత్తుకు రావడం నేను అనుకోనిది.

పోయిన ఏడాది 380 మొక్కలు అమ్మితే ఖర్చులు పోను 13,600 మిగిలింది. గొప్ప మొత్తమేమీ కాదు. కానీ మా వీధులకి సరిపోయింది.

డబ్బు లెక్క

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పనులు ఎక్కువగా చెడేది లెక్కల దగ్గరే. క్యూఆర్ కోడ్ మీ సొంత ఖాతాది పెట్టకండి. మీరు ఎంత నిజాయితీపరులైనా సరే. సంఘం పేరు మీద ఖాతా, ఇద్దరి సంతకం. చేతికిచ్చిన డబ్బుకి నంబరు వేసిన రసీదు. అమ్మకం అయిన మర్నాడే లెక్క కాగితం గుడి నోటీసు బోర్డు మీద అంటించాలి, వారం ఆగితే మాటలు మొదలవుతాయి.

"పన్ను మినహాయింపు ఉందా అండీ?" అని అడుగుతారు. విరాళాలకు ఆదాయపన్ను మినహాయింపు గుర్తింపు (80జీ అని పిలిచేది) ఉన్న సంస్థకి ఇస్తేనే అది వర్తిస్తుంది, అది కూడా 2,000 దాటి నగదుగా ఇస్తే వర్తించదు. మీ కాలనీ సంఘానికి ఆ గుర్తింపు లేకపోతే లేదని అప్పుడే చెప్పేయండి.

ఇంకొకటి, మన గోదావరి జిల్లాల్లో ప్రతి రెండో ఇంటికీ అమెరికాలో ఒకరుంటారు. "మా అబ్బాయి పంపిస్తాడండి" అని ప్రేమగా అంటారు. అబ్బాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. మేము ఒకరి డబ్బు ఇలాగే వద్దన్నాం. వాళ్ళమ్మగారు నొచ్చుకున్నారు. తర్వాత ఆవిడే తన పెన్షన్ డబ్బుతో 20 మొక్కలు కొని వీధికి వేయించారు.

కుక్కలంటే భయపడేవాళ్ళతో

మా కాలనీలో రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన మనవణ్ణి కుక్క కరిచింది. మొదటి మీటింగులో లేచి, "టీచరుగారూ, మీకు కుక్కల మీద జాలి, మాకు పిల్లల మీద భయం. వీటిని ఎక్కడికైనా తోలించేయండి" అన్నారు. ఆయన మాటలో తప్పేముంది? చంటిబిడ్డ కాలు చీరుకుపోతే ఎవరికైనా కోపం వస్తుంది.

అప్పుడు నేను వాదించలేదు. మూడు సంగతులు చెప్పాను. ఒకటి, ఈ వీధి కుక్కల్ని తోలేస్తే ఆ ఖాళీలోకి పక్క వీధివి వస్తాయి. వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు. రెండు, పిల్లలున్న తల్లికుక్కే ఎక్కువగా మీదపడుతుంది, కాన్పులు ఆగితే అది తగ్గుతుంది. మూడు, ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా కూడా వేస్తారు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "లెక్క నాకు చూపించాలి మరి" అన్నారు. "మీరే రాయండి బాబాయిగారూ" అన్నాను. ఇప్పుడు పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. పైసా తేడా రానివ్వరు.

కుక్క కరిస్తే ఏం చేయాలో కూడా మేము ప్రతి అమ్మకంలో చెబుతాం. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇంకో ఇంజెక్షన్ కూడా ఉంటుంది, డాక్టర్ని అడగండి. రేబిస్ లక్షణాలు కనిపించాక కాపాడటం దాదాపు అసాధ్యం. ఇందులో మొహమాటం, బద్ధకం పనికిరావు.

ఆపరేషన్లు చేయించడం

జంతు సంతాన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం వీధికుక్కల ఆపరేషన్ల బాధ్యత స్థానిక సంస్థది, అంటే మున్సిపాలిటీది, పంచాయతీది. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థల చేత చేయించాలి. మనంతట మనం కుక్కల్ని పట్టించి ఎవరో ఒకరి చేత కోయించకూడదు. అందుకని జూన్‌లోనే అర్జీ పెట్టండి. ఫలానా వీధిలో ఇన్ని ఆడకుక్కలు, ఇన్ని మగవి అని జాబితా జతచేస్తే మీ వంతు త్వరగా తెలుస్తుంది. వంతు వచ్చిందా, మీ డబ్బు టీకాలకు, బండి ఖర్చుకు, ఆపరేషన్ తర్వాత తిండికి మిగులుతుంది. ఆగస్టు దాటినా వంతు రాకపోతే గుర్తింపు ఉన్న సంస్థకే డబ్బు కట్టి చేయించుకోవచ్చు.

జాబితా ఎలా రాయాలి? పొద్దున్న అయిదున్నరకి, రాత్రి తొమ్మిదికి రెండుసార్లు వీధులు తిరగండి. ఒక్కో కుక్కకి ఒక పేజీ: రంగు, మచ్చలు, ఆడా మగా, ఏ మూల పడుకుంటుంది, ఎవరు అన్నం పెడతారు. చెవి కొసన గాటు ఉంటే దానికి ఆపరేషన్ అయిపోయినట్టే. ఫొటో రెండువైపుల నుంచి తీయండి. మొదటిసారి మాకు లచ్చి, లచ్చి చెల్లెలు ఒకటే అనిపించి చెల్లెల్ని వదిలేశాం, అది ఆరు పిల్లల్ని పెట్టింది.

పట్టే రోజు అన్నం పెట్టే మనిషి తప్పకుండా అక్కడ ఉండాలి. మాకు అలాంటి మనిషి పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు. "ఆయ్, నేను పిలిస్తే వచ్చేత్తాయండి" అన్నాడు, అలాగే వచ్చేశాయి. వల వేసి పరిగెత్తించే అవసరం లేకపోయింది. ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టవద్దని అందరికీ చెప్పండి, మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. పిల్లలకు పాలిచ్చే తల్లిని పంపకండి. పిల్లలు పాలు మానేదాకా ఆగాలి.

కుట్టు మానాక కుక్కని పట్టుకున్న చోటే వదలాలి, నిబంధన అదే. మీ కుక్క మీ మూలకే వచ్చిందో లేదో పుస్తకంలో టిక్ పెట్టుకోండి. బడి, ఆసుపత్రి, బస్టాండు ఆవరణల్లో తిరిగే కుక్కల విషయంలో సుప్రీంకోర్టు 2025 నవంబరులో వేరే ఆదేశాలిచ్చింది, వాటిని తిరిగి అక్కడ వదలకూడదని. అలాంటి చోటు మీ వీధిలో ఉంటే మున్సిపాలిటీతో మాట్లాడకుండా చేయి వేయకండి. అన్నం పెట్టడానికి కూడా గేట్ల ముందు, పిల్లలు ఆడుకునే చోటు కాకుండా మున్సిపాలిటీతో మాట్లాడి ఒక మూల నిర్ణయించుకోండి. మాది ట్రాన్స్‌ఫార్మర్ వెనక గోడ పక్కన.

రేబిస్ టీకా ఏటా వేయించాలి. మేము సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం అని ఆ వారంలోనే పెట్టుకుంటాం, గుర్తుండిపోతుంది.

పిల్లలకు ఇళ్ళు వెతకడం

ఎంత చేసినా ధనుర్మాసంలో ఒకటో రెండో కాన్పులు తప్పవు. బయటి నుంచి వచ్చిన కుక్కలు పెడతాయి, లేదా ఎవరో గోనెసంచిలో తెచ్చి గుడి దగ్గర వదిలేస్తారు. పోయిన జనవరిలో ఏడు పిల్లలు. ఏడింటికీ ఇళ్ళు దొరికాయి. మొదటి ఏడాది అనుభవం మాత్రం వేరు. సంక్రాంతి ముగ్గుల పోటీ రోజున పిల్లల్ని బుట్టలో పెట్టి, అడిగినవాళ్ళందరికీ ఇచ్చేశాం. నెల పిల్లలు. ముద్దొచ్చి తీసుకెళ్ళారు. పదిరోజులకు రెండు తిరిగొచ్చాయి, ఒకటి పార్వోతో పోయింది, ఒకటి ఏమైందో ఈరోజుకీ తెలియదు. దాని ముక్కు మీద తెల్ల మచ్చ ఉండేది.

ఇప్పుడు ఎనిమిది వారాలు నిండనిదే తల్లి దగ్గర నుంచి తీయం. తోబుట్టువులతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరకవచ్చో అది అక్కడే నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ కొరుకుడు మన పిల్లల మీద చూపిస్తుంది. అంటే మా దత్తత రోజు ఫిబ్రవరిలో వస్తుంది. అప్పటికి ఏలికపాముల మందు రెండు వారాలకోసారి పడి ఉండాలి, బరువు చూసి డాక్టరే మోతాదు చెబుతారు. పార్వో, డిస్టెంపర్‌లకు వేసే మొదటి టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య. మూడు నాలుగు వారాల ఎడంతో మళ్ళీ వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. ఒక చిన్న నోటుబుక్కులో ఇవన్నీ రాసి పిల్లతో పాటు ఇస్తాం.

అడిగిన రోజే ఇవ్వం. ఇంటికి వెళ్ళి చూస్తాం. దబాయించడానికి కాదు, కాఫీ తాగి కబుర్లు చెప్పుకోవడానికి వెళ్ళినట్టే. ఇంట్లో అందరూ ఇష్టపడ్డారా? అత్తగారికి ఇష్టం లేని ఇంట్లో కుక్కపిల్ల ఆరు నెలలు నిలవదు. అద్దె ఇల్లయితే ఓనరుగారి మాట మేమే వింటాం. పగలంతా ఇంట్లో ఎవరూ లేకపోతే ఎవరు చూస్తారు? వేసవి సెలవులకి ఊరెళ్తే? చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఆలోచనలో పడతారు. ఆలోచించుకుని "వద్దులెండి టీచరుగారూ" అన్నవాళ్ళంటే నాకు గౌరవం. వాళ్ళు ఒక ప్రాణాన్ని కాపాడారు.

అందరూ మగపిల్లే కావాలంటారు. ఆడపిల్లలు బుట్టలో మిగిలిపోతాయి. దీనికి మందు మొక్కల డబ్బులోనే ఉంది. "ఆడపిల్లని తీసుకెళ్ళండి, ఆరు నెలలు నిండాక ఆపరేషన్ ఖర్చు మాది" అని రాసి ఇస్తాం. ఒక్క ఆ మాటతో పోయినసారి నాలుగు ఆడపిల్లలకు ఇళ్ళు దొరికాయి. ప్రతి ఏడాది మిగిలిన డబ్బులో ముందుగా ఈ ఆపరేషన్లకి పక్కన పెట్టాకే మిగతా ఖర్చు.

తిండి విషయంలో ఇంటివాళ్ళకి చెప్పాల్సినవి కొన్ని. గేదెపాలు పోస్తే విరేచనాలవుతాయి. అన్నంలో ఉడికిన గుడ్డు, ఉప్పూ కారం లేని కోడిమాంసం మంచివి. ఉడికిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి, పెట్టకండి. ఉల్లిపాయ రక్తాన్ని పాడుచేస్తుంది కాబట్టి సాంబారన్నం వద్దు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషం. ప్రసాదంలో కిస్‌మిస్ ఉంటే ఏరి తీసేయండి.

ఇచ్చిన మూడో రోజు, పదో రోజు, నెలకి ఫోన్ చేస్తాం. మూడో రోజు ఫోన్ అన్నిటికంటే ముఖ్యం. మొదటి రెండు రాత్రులు పిల్ల తల్లి కోసం ఏడుస్తుంది, ఇంట్లోవాళ్ళకి నిద్ర ఉండదు, టెన్షన్ పడతారు. "పాత చీర ముక్క ఒకటి తల్లి దగ్గర రెండు రోజులు పరిచి ఆ వాసనతో ఇచ్చాం కదా, దాని మీదే పడుకోబెట్టండి, నాలుగో రోజుకి సర్దుకుంటుంది" అని చెబితే చాలు. తిరిగి ఇవ్వాలనిపిస్తే ఎక్కడా వదలకుండా మాకే తెచ్చి ఇవ్వాలని ఒప్పంద కాగితంలో మొదటి వాక్యం. తెచ్చినవాళ్ళని ఒక్క మాట కూడా అనం. అంటే, ఆ తర్వాతివాళ్ళు తేవడం మానేసి ఏ వంతెన దగ్గరో వదిలేస్తారు.

ఇంటికి పంపేటప్పుడు పిల్లతో పాటు ఒక మొక్క కూడా ఇస్తాం, ఇది అమ్మం. ఎక్కువగా అడ్డసరమో వావిలో, ఎందుకంటే కుక్కపిల్ల వేళ్ళు తవ్వినా తట్టుకుంటాయి. గోడకి అడుగున్నర ఎడంగా నాటి, చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టమని చెబుతాం.

ఈ ఏడాది దత్తత రోజు అయిపోయిన సాయంత్రం బుట్టలు కడిగి ఎండలో బోర్లించాం. తంగేడు కాయలు ఎండి గలగలమంటున్నాయి. మర్నాడు పొద్దున్నే కోసుకుని గింజలు ఒలిచాం. శివరాత్రి ఇంకా వారం ఉంది. గోరింట కొమ్మలు ఎవరింట్లో బాగున్నాయో బాబాయిగారు పుస్తకంలో ఇళ్ళ నంబర్లు రాసి ఉంచారు.